పిత్త ప్రకృతి: శాస్త్రం, కోనసీమ దేశకాలాలు, ఆహార విహారాలు

వాత, పిత్త, కఫాలనే మూడు దోషాలలో పుట్టుకతోనే పిత్తం పాలు ఎక్కువగా ఉన్న మనిషి దేహనిర్మాణాన్నీ జీర్ణశక్తినీ మనస్తత్వాన్నీ కలిపి ఆయుర్వేదం పిత్త ప్రకృతి అంటుంది. తెలుగునాట వాడుకలో ఉన్న వేడి శరీరం, పైత్యపు శరీరం అనే మాటలు దాదాపు ఈ అర్థాన్నే ఇస్తాయి. అరికాళ్ళ మంటలు, నోటిపూత, కళ్ళమంట, సెగగడ్డలు, పుల్లటి త్రేన్పులు కనిపిస్తే ఇంట్లోవాళ్ళు "వేడి చేసింది" అని తేల్చి చలువ వస్తువులు పెట్టడం తరతరాలుగా జరుగుతున్నదే. అయితే ఇంటి వాడుకలోని వేడి, చలువల లెక్కా, శాస్త్రం చెప్పే పిత్తపు లెక్కా చాలాచోట్ల కలిసినా, పెరుగు, తరవాణి, మెంతులు, వేసవికాలం వంటి కొన్ని ముఖ్యమైన విషయాలలో ఎదురెదురుగా నిలుస్తాయి. కోనసీమలో ఒకవైపు గోదావరి పాయ అయిన వృద్ధ గౌతమి, మరొకవైపు బంగాళాఖాతం హద్దులుగా ఉన్న కాట్రేనికోన ప్రాంతపు నేలను, తిండిని ఆధారం చేసుకుని చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. ఇక్కడి కొబ్బరి, చేప, ఆవ, పులుపు అన్నీ ప్రాచీన గ్రంథాలు విడివిడిగా గుణదోషాలు విచారించినవే.

పిత్తం, అగ్ని

వాగ్భటుని అష్టాంగహృదయం ప్రకారం పిత్తం కొద్దిగా జిడ్డు కలిగినది, తీక్ష్ణమైనది, వేడిది, తేలికైనది, పచ్చివాసన గలది, జారే స్వభావం గలది, ద్రవరూపమైనది. కాలేయం స్రవించే పసుపుపచ్చని పైత్యరసంతో దీనిని సమానం చేయడం పొరపాటు, ఎందుకంటే శాస్త్రంలో పిత్తమంటే శరీరంలో పచనం, పరివర్తన, వేడి, రంగు, చూపు వంటి పనులన్నిటికీ పెట్టిన ఉమ్మడి పేరు. ఈ పనులను బట్టి దానిని ఐదుగా విభజించారు. ఆమాశయానికీ పక్వాశయానికీ నడుమ ఉండి అన్నాన్ని పచనం చేసేది పాచక పిత్తం, రసధాతువుకు ఎరుపు కలిగించి రక్తంగా మార్చేది రంజక పిత్తం, హృదయంలో ఉండి బుద్ధికీ ఉత్సాహానికీ కారణమయ్యేది సాధక పిత్తం, కంటిలో ఉండేది ఆలోచక పిత్తం, చర్మానికి కాంతి ఇచ్చేది భ్రాజక పిత్తం. రంజక పిత్తపు స్థానం గురించి గ్రంథకర్తలు ఏకీభవించలేదు. సుశ్రుతుడు యకృత్ప్లీహాలను, అంటే కాలేయాన్ని, ప్లీహాన్ని చెప్పగా, వాగ్భటుడు ఆమాశయాన్ని చెప్పాడు.

శరీరంలో పిత్తానికి వేరుగా అగ్ని అనేది ఉందా అన్న ప్రశ్నను సుశ్రుతుడు సూత్రస్థానంలో స్వయంగా లేవనెత్తి, పిత్తాన్ని విడిచి మరో అగ్ని కనబడదని నిర్ణయించాడు. శరీరంలో ఒక జఠరాగ్ని, ఐదు భూతాగ్నులు, ఏడు ధాత్వగ్నులు కలిసి పదమూడు అగ్నులు పనిచేస్తాయని, వాటిలో జఠరాగ్నే మూలమని శాస్త్రం. ఆ జఠరాగ్ని సమంగా ఉండవచ్చు, వాతం వల్ల విషమం కావచ్చు, కఫం వల్ల మందగించవచ్చు, పిత్తం వల్ల తీక్ష్ణం కావచ్చు. తీక్ష్ణాగ్ని గలవారికి ఎంత తిన్నా త్వరగా అరిగి మళ్ళీ ఆకలి వేస్తుంది, వేళ తప్పితే చిరాకు, తలనొప్పి, కడుపుమంట మొదలవుతాయి.

ప్రకృతి లక్షణాలు

తల్లిదండ్రుల బీజాల కలయిక సమయంలో ఏ దోషం బలంగా ఉంటే అది ప్రకృతిని నిర్ణయిస్తుందని, కాలం, గర్భాశయ స్థితి, తల్లి తిండి, నడవడి కూడా అందులో పాలుపంచుకుంటాయని చరకసంహిత విమానస్థానం వివరిస్తుంది. అదే అధ్యాయంలో పిత్త ప్రకృతి గలవారి వర్ణన ఉంది. వీరు వేడిని ఓర్చుకోలేరు, శరీరం సుకుమారంగా ఉండి పుట్టుమచ్చలు ఎక్కువగా ఉంటాయి, ఆకలిదప్పులు అధికం, ముడతలు, నెరిసిన జుట్టు, బట్టతల వయసుకు ముందే వస్తాయి, చెమట విస్తారంగా పోస్తుంది, పరాక్రమం తీక్ష్ణంగా ఉన్నా కష్టాన్ని ఎక్కువసేపు భరించలేరు, బలం, ఆయువు మధ్యమంగా ఉంటాయి. మేధ చురుకైనదనీ, కోపం త్వరగా వచ్చి త్వరగా చల్లారుతుందనీ సుశ్రుతుడు చెప్పాడు. ఒక్క దోషమే ప్రధానంగా ఉన్న మనుషుల కంటే వాతపిత్త, పిత్తకఫ వంటి జంట ప్రకృతులవారే ఎక్కువగా కనిపిస్తారు కనుక, ఈ జాబితాలోని లక్షణాలన్నీ ఒకే మనిషిలో వెతకడం వ్యర్థం.

ఇటువంటి ప్రకృతి ఉండటం జబ్బా, కాదా అన్న విషయంలో ఇద్దరు ఆచార్యుల చూపు వేరు. మూడు దోషాలు సమంగా ఉన్నవారే ఆరోగ్యవంతులనీ, ఒక దోషం అధికంగా పుట్టినవారు ఎప్పుడూ కొంత రోగులేననీ చరకుని అభిప్రాయం. విషంలో పుట్టిన పురుగును ఆ విషం చంపనట్లే, మనిషిని అతని ప్రకృతి బాధించదని సుశ్రుతుడు అన్నాడు. ఆచరణలో సుశ్రుతుని మాటే ఎక్కువగా నిలుస్తుంది, ఎందుకంటే పుట్టుకతో వచ్చిన ప్రకృతిని మార్చడం చికిత్స లక్ష్యం కాదు; తిండి, కాలం, కోపం, జాగరణ వంటి కారణాలతో ఆ పైన పెరిగిన పిత్తాన్ని, అంటే వికృతిని, తగ్గించడమే లక్ష్యం. నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయించుకుని ప్రకృతిని తేల్చి చెప్పే నేటి పద్ధతులు చాలావరకు ఈ రెండింటినీ కలిపేస్తాయి. పరీక్ష నాటికి ఉన్న వికారాన్నే పుట్టుక స్వభావమని రాసిపెట్టడం వల్ల మనిషి జీవితాంతం అనవసరమైన పథ్యం పట్టే ప్రమాదం ఉంది.

కోనసీమ అనూప దేశం

చికిత్సకు దోషంతో పాటు దేశాన్ని కూడా చూడాలని ఆయుర్వేదం భూములను జాంగలం, అనూపం, సాధారణం అని మూడు రకాలుగా విభజించింది. జాంగలమంటే మెట్ట, పొడినేల. అనూపమంటే నీరు నిండిన పల్లపునేల. చరకసంహిత కల్పస్థానంలో అనూప దేశాన్ని కొబ్బరి, అరటి తోటలతో దట్టమై, నదులూ సముద్రమూ అంచులుగా గలిగి, చల్లగాలులు వీచే, సుకుమారులైన మనుషులు నివసించే చోటుగా వర్ణించారు. ఆ వర్ణన చదివినవారికి అమలాపురం నుంచి కాట్రేనికోన మీదుగా బలుసుతిప్ప వరకు సాగే నేల గుర్తుకు రాక తప్పదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత ఇక్కడి నేలలో ఏడాదిలో ఎక్కువకాలం నీరు నిలిచి, వరిచేలతో, ఇటీవలి దశాబ్దాలలో రొయ్యల చెరువులతో అనూప లక్షణం ఇంకా గాఢమైందని చెప్పవచ్చు.

అనూప దేశంలో వాతకఫాలు ప్రధానమని శాస్త్రం అంటున్నది కనుక పిత్త ప్రకృతివారికి ఇది కొంత హాయి కలిగించే నేలే అనుకోవచ్చు. కానీ కాశ్యపసంహిత ఖిలస్థానం ఒక విశేషాన్ని చెబుతుంది. పుల్లని త్రేన్పులు, గుండెల్లోనూ గొంతులోనూ మంట, వికారం, అన్నం అరగకపోవడం లక్షణాలుగా గల అమ్లపిత్తం ప్రాయికంగా అనూప దేశంలోనే పుడుతుందని, ఔషధాలతో తగ్గకపోతే రోగి వేరే దేశానికి వెళ్ళాలని ఆ గ్రంథం సలహా ఇస్తుంది. చరకుడు ప్రత్యేక అధ్యాయంగా చెప్పని ఈ రోగాన్ని కాశ్యపసంహిత, మాధవనిదానం వేరుచేసి వివరించాయి. తేమ వల్ల అగ్ని మందగించడం, మందగించిన అగ్నిలో అన్నం పులియడం, పులిసిన అన్నం పిత్తాన్ని విదగ్ధం చేయడం, అంటే పుల్లగా, మండేదిగా మార్చడం అనేది దీని క్రమం. అంటే మండే అగ్నే కాదు, నీరసపడిన అగ్ని కూడా మంటకు కారణం కాగలదు. వేడి చేసిందని చల్లని పదార్థాలు మాత్రమే పెట్టి ఇలాంటి రోగిని బాగుచేయాలని చూడటం అగ్నిని ఇంకా మందగింపజేస్తుంది.

కాలం

రోహిణి కార్తె ఎండల్లోనే ఒంట్లో వేడి పెరుగుతుందని సామాన్యుల నమ్మకం. శాస్త్రం ప్రకారం గ్రీష్మంలో సంచయమయ్యేది వాతం. పిత్తం శ్రావణ భాద్రపదాల వర్షఋతువులో పోగై, ఆశ్వయుజ కార్తికాల శరదృతువులో ప్రకోపించి, హేమంతంలో శమిస్తుంది. వానలకు కొత్తనీరూ కొత్త మొక్కలూ ఆమ్లవిపాకాన్ని పొందడం, అంటే జీర్ణమయ్యాక పుల్లగా పరిణమించడం వల్ల పిత్తం పోగవుతుంది. తడికి అలవాటుపడిన శరీరం మీద మబ్బు విడిచిన సూర్యుడి ఎండ ఒక్కసారిగా పడినప్పుడు ఆ పోగైన పిత్తం ఉబుకుతుంది. వడదెబ్బ వేరు, పిత్తప్రకోపం వేరు. ఇదే తీరున రోజులో మధ్యాహ్నం, అర్ధరాత్రి, భోజనం అరిగే వేళ, జీవితంలో నడివయసు పిత్తకాలాలు.

కోనసీమలో ఈ లెక్క మరికొంత చిక్కుపడుతుంది. నైరుతి రుతుపవనాలు వెళ్ళిపోతున్న అక్టోబరు, నవంబరు నెలలే బంగాళాఖాతంలో తుపానుల కాలం కాబట్టి, పంచాంగంలో శరత్తు ఉన్నప్పుడు ఆకాశంలో వర్షఋతువు ఉండవచ్చు. ఋతువును నెల పేరుతో కాక లక్షణాలతో గుర్తించాలన్న వైద్యుల నియమం ఇటువంటి తీరప్రాంతానికి మరింత అవసరం. పిత్తం పోగయ్యే జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదావరికి వరద వచ్చి పులస చేప దొరుకుతుంది. చింతపులుపు, కారం కలిపి పులుసు పెట్టి, మర్నాటికి ఇంకా రుచి అని దాచుకుని తినడం గోదావరి వాసుల ముచ్చట. ఆమ్ల, కటు రసాలు, ఉష్ణమైన చేప, నిలవ, అన్నీ పిత్తకరాలే అయినప్పటికీ, ఏడాదికి నాలుగుసార్లు తినే పులుసుతో ప్రకృతి తలకిందులు కాదు. శరత్తులో వచ్చే కార్తిక సోమవారపు ఉపవాసం విషయం వేరు: ఉపవాసాన్ని సుశ్రుతుడు పిత్తప్రకోప కారణాలలో చేర్చాడు కనుక, పగలంతా ఏమీ తినక చుక్కలు పొడిచాక భోజనం చేసే నియమం తీక్ష్ణాగ్ని గలవారికి కష్టం కలిగిస్తుంది. పాలు, పండ్లు తీసుకుని నియమాన్ని సడలించుకోవడం వారికి మేలు. అదే కార్తికంలో ఉసిరిచెట్టు నీడన వనభోజనాలు జరగడం, ఉసిరి పిత్తశమనద్రవ్యాలలో మేటి కావడం చక్కగా కుదిరిన సంగతి. ఆ ఆచారాన్ని వైద్య కారణంతోనే పెట్టారని మాత్రం చెప్పలేం.

ఆహారం

తీపి, చేదు, వగరు రుచులు పిత్తాన్ని శమింపజేస్తాయి; పులుపు, ఉప్పు, కారం పెంచుతాయి. ఈ ఒక్క సూత్రంతోనే సగం పథ్యం తేలిపోతుంది. పాతబియ్యపు అన్నం, పెసరపప్పు, ఆవునెయ్యి, పాలు, ద్రాక్ష, దానిమ్మ, బూడిదగుమ్మడి, పొట్ల, సొర, కాకర వంటివి అనుకూలం. వాతానికి నూనె, కఫానికి తేనె ఎలాగో పిత్తానికి నెయ్యి అలాగని వాగ్భటుడు నిర్ణయించాడు. ఉలవలు, ఆవాలు, ఇంగువ, వెల్లుల్లి, నువ్వులు ఉష్ణమైనవి. ఆవపెట్టిన పనసపొట్టు కూర, కొత్త ఆవకాయ గోదావరి భోజనానికి అందమే కాని, పిత్త ప్రకృతివారు వాటిని మితంగా తినడమే తగును. పులుపు, ఉప్పు, కారం, ఆవ నాలుగూ కలిసిన ఆవకాయను ముద్దపప్పు, నెయ్యి కలిపి తినే అలవాటు మాత్రం శాస్త్రసమ్మతమైన సర్దుబాటులాగే ఉంది. మిరపకాయ అమెరికా నుంచి పోర్చుగీసుల కాలంలో వచ్చింది కనుక సంహితలలో దాని ఊసే లేదు. మిరియం, పిప్పలి, శొంఠి మాత్రమే తెలిసిన కాలపు పథ్యాన్ని నేటి తెలుగు వంటకు అన్వయించేటప్పుడు ఈ సంగతి మరువకూడదు.

ఇంటి వాడుకకూ శాస్త్రానికీ అసలు తేడా వచ్చేది చలువ అని పేరుపడిన పదార్థాల దగ్గర. పెరుగును తెలుగువారు చలువగా భావించి మధ్యాహ్నం, రాత్రి రెండుపూటలా తింటారు, వేసవిలో మరింత తింటారు. శాస్త్రం పెరుగును ఉష్ణవీర్యం గలదిగా, జీర్ణమయ్యాక పుల్లగా మారి రక్తపిత్తాలను పెంచేదిగా చెబుతుంది. రాత్రివేళ తినరాదని, గ్రీష్మ, శరత్, వసంతాలలో తినరాదని, తింటే పెసరకట్టు, నెయ్యి, చక్కెర, ఉసిరి వంటివాటిలో ఏదో ఒకటి చేర్చుకోవాలని నియమిస్తుంది. మజ్జిగ దీనికంటే తేలిక, అగ్నిదీపకం. అయినా ఒంటిమంట, మూర్ఛ, రక్తపిత్తం (రక్తస్రావ రోగం) ఉన్నవారికి ఇవ్వరాదని, పిత్తంలో ఇవ్వవలసివస్తే పుల్లనిది కాక చక్కెర కలిపిన తియ్యనిది ఇవ్వాలని సుశ్రుతుని మాట. అన్నాన్ని నీటిలో పులియబెట్టి చేసే తరవాణి వంటి పులికడుగును వాగ్భటుడు ధాన్యామ్లమన్నాడు. అది తాకితే చల్లగా ఉంటుందిగాని లోపల తీక్ష్ణం, ఉష్ణం, పిత్తకరం అని స్పష్టంగా రాశాడు. వేడి చేసిందని మజ్జిగలో నానబెట్టి తాగే మెంతులు కూడా వైద్య నిఘంటువులలో ఉష్ణద్రవ్యమే. నోటికీ చేతికీ తగిలే చల్లదనం ఒకటి, లోపలికి వెళ్ళాక ద్రవ్యం చేసే పని మరొకటి. రెండవదాన్నే శాస్త్రం వీర్యం అంటుంది.

కొబ్బరి విషయంలో వైద్యగ్రంథాల సూక్ష్మదృష్టి కోనసీమవాసులకు ప్రత్యేకంగా పనికివస్తుంది. భావప్రకాశం కొబ్బరిని శీతలం, గురువు, బలకరం, వస్తిశోధకం, అంటే మూత్రాశయాన్ని శుభ్రపరిచేది అంటుంది. లేతకాయ పిత్తజ్వరాన్ని, పిత్తదోషాలను పోగొడుతుంది. కొబ్బరినీరు చల్లనిది, తేలికైనది, దప్పిక తీర్చేది. అదే కాయ బాగా ముదిరితే అరగడం బరువై, పిత్తకరమై, మంట పుట్టిస్తుందని అదే గ్రంథం హెచ్చరిస్తుంది. కాబట్టి పిత్త ప్రకృతివారికి అనుకూలమైనది బొండం నీరూ లేతకొబ్బరీ. అంబాజీపేట బజారుకు పేరు తెచ్చిన ఎండుకొబ్బరి, కురిడీ మితంగా వాడవలసినవి. తాటిచెట్టుదీ ఇదే తీరు: ముంజ శీతలం, పండిన తాటిపండు పిత్తరక్తాలను పెంచేది. చేపల గురించి చరకుడు అవి వేడివి, బరువైనవి, బలాన్నిచ్చేవి, దోషాలు అధికంగా గలవి అన్నాడు. సముద్రం మీద బతికే ఊళ్ళలో వాటిని మానమనడం అర్థంలేని సలహా. పులుపు, కారం తగ్గించి వండుకోవడం, ఉప్పుచేపను తగ్గించడం, ఒకే భోజనంలో చేపా పాలూ కలపకపోవడం చేయదగినవి.

విహారం, ఔషధం

నడిమధ్యాహ్నపు ఎండలో శ్రమ, కోపం, వేళ తప్పిన భోజనం పిత్తాన్ని పెంచుతాయి. వెన్నెల, చల్లని గాలి, చందనం, పూలు, తీయని మాటలు తగ్గిస్తాయని శాస్త్రం. వరికోతలలోనూ, ఉప్పుమళ్ళలోనూ పనిచేసేవారికి ఈ సలహాలో ఎండ తప్పించుకోవడం సాధ్యం కాదు కనుక వేకువనే పని మొదలుపెట్టి మధ్యాహ్నం విరామం తీసుకునే పద్ధతే వారికి తగిన విహారం. తలకు, ఒంటికి నువ్వులనూనెకు బదులు కొబ్బరినూనె మేలు. మంటలున్న చోట పూయడానికి నేతిని నూరుమార్లు నీటితో కడిగి చేసే శతధౌత ఘృతం ప్రసిద్ధం.

ఔషధాలలో ఉసిరి, తిప్పతీగ, పిల్లిపీచర, అతిమధురం, సుగంధిపాల, వట్టివేరు, చందనం, ధనియాలు పిత్తశమనాలు. ఉసిరి పుల్లనిదైనా శీతవీర్యం కావడం వల్ల పులుపు పిత్తాన్ని పెంచుతుందన్న సూత్రానికి మినహాయింపుగా నిలిచింది. పెరిగిన పిత్తాన్ని వెళ్ళగొట్టడానికి శ్రేష్ఠమైన చికిత్స విరేచనం; శరత్తు దానికి తగిన కాలం. సుఖవిరేచనానికి తెల్లతెగడ, మృదువిరేచనానికి రేలకాయ గుజ్జు ఉత్తమమని చరకుడు ఎంచాడు. స్నేహపానం (నెయ్యి వంటివి తాగించడం), స్వేదనం (చెమట పట్టించడం) అనే ముందస్తు క్రియలు లేకుండా, వైద్యుని పర్యవేక్షణ లేకుండా విరేచనం చేసుకోవడం ముసలివారికి, గర్భిణులకు, నీరసించినవారికి హాని.

తెలుగుదేశంలో ఈ వైద్యాన్ని సంస్కృత శ్లోకాలతో పాటు తెలుగులోనూ అందించిన బసవరాజీయం, వైద్యచింతామణి చాలాకాలం గ్రామవైద్యుల చేతిపుస్తకాలుగా ఉన్నాయి. 19వ శతాబ్ది చివర ప్లేగు వ్యాపించినప్పుడు మద్రాసులోని ఆయుర్వేద వైద్యులు దీవి గోపాలాచార్యులు హైమాది పానకం అనే మందుతో పాటు శతధౌత ఘృతాన్ని కూడా వాడారు. ఆయన వద్ద ఆయుర్వేదం చదివిన ఆచంట లక్ష్మీపతి (1880–1962) మద్రాసు వైద్య కళాశాల పట్టభద్రుడై ఉండి కూడా ఆయుర్వేద బోధనకు, రచనకు జీవితాన్ని వెచ్చించారు. కోనసీమ జిల్లాలోనే ఆలమూరు మండలం చింతలూరు ఆయుర్వేద మందుల తయారీకి పేరు పొందింది.

ఆధునిక పరిశోధన

గ్రీకు వైద్యంలోని పచ్చపైత్యం, దానితో ముడిపెట్టిన కోపిష్ఠి స్వభావం పిత్త ప్రకృతిని తలపించినా ఆ సిద్ధాంతం ఐరోపాలో చరిత్రగా మిగిలిపోయింది. ప్రకృతి భావనను మాత్రం భారతీయ ప్రయోగశాలలు ఇటీవల జన్యువుల వెలుగులో పరిశీలిస్తున్నాయి. పుణెలో భూషణ్ పట్వర్ధన్ బృందం సీవైపీ2సీ19 అనే ఎంజైముపై జరిపిన అధ్యయనంలో, మందులను వేగంగా విచ్ఛిన్నం చేసే రకం పిత్త ప్రకృతివారిలో ఎక్కువగా కనిపించింది. కడుపుమంటకు వాడే ఒమెప్రజోల్‌ను శరీరంలో విచ్ఛిన్నం చేసేది ప్రధానంగా ఈ ఎంజైమే కావడం గమనించదగినది. హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) శాస్త్రవేత్తలు మరికొన్ని సంస్థలతో కలిసి 2015లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో 3,416 మంది పురుషులను పరీక్షించి, ఒక్కో ప్రకృతి స్పష్టంగా ఉన్న 262 మంది జన్యువులను పోల్చారు. శక్తి జీవక్రియలో పాల్గొనే పీజీఎం1 జన్యువుకు పిత్త లక్షణాలతో సంబంధం కనిపించిందని తెలిపారు. సంఖ్య చిన్నది, స్త్రీలు అందులో లేరు, ఇతర జనసమూహాలలో ఫలితాలు నిలవాలి; కాబట్టి ఇవి ఆసక్తికరమైన సూచనలేగాని శాస్త్రానికి ముద్రవేసిన రుజువులు కావు.

పిత్తం పేరుతో వచ్చే బాధలన్నీ పథ్యంతో తగ్గేవి కావు. విడవని కడుపుమంటకు హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే పుండు కారణం కావచ్చు, దానికి యాంటీబయాటిక్ మందులున్నాయి. శాస్త్రం పిత్తరోగంగా చెప్పిన కామల, అంటే పచ్చకామెర్లు, వైరసు వల్లనో పిత్తాశయపు రాళ్ళ వల్లనో వస్తాయి కాబట్టి ఆకుపసరుతో కాలయాపన చేయక రక్తపరీక్ష చేయించాలి. నల్లని విరేచనం, రక్తపు వాంతి, ఎడమచేతికో దవడకో పాకే గుండెమంట కనిపిస్తే వేడి చేసిందని బొండం నీళ్ళు తాగి పడుకోక, రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.